బండి వెనక కూర్చునేవారు హెల్మెట్, ఇతర రక్షణ సామాను ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి

"వెనక కూర్చునేవాళ్ళకు కూడా హెల్మెట్ కావాలా?", "మా అమ్మ చీరలో కూర్చుంటుంది, ఏం చేయాలి?", "పాపకి నాలుగేళ్ళు, తన సైజు హెల్మెట్ దొరుకుతుందా?", "బైక్ టాక్సీ అతను ఇచ్చే హెల్మెట్ పెట్టుకోవచ్చా?" హైదరాబాద్‌లో బండి ఉన్న ప్రతి ఇంట్లో ఇవే ప్రశ్నలు. అడిగినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు: కావాలి. మోటారు వాహనాల చట్టం (1988) 129వ సెక్షన్ ప్రకారం బండి నడిపేవారితో పాటు దాని మీద కూర్చుని వెళ్ళే, నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ బీఐఎస్ (వస్తువులకు ఐఎస్ఐ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ) ప్రమాణాలకు తగిన హెల్మెట్ పెట్టుకోవాలి. తలపాగా కట్టుకున్న సిక్కులకు మాత్రం మినహాయింపు. మన దగ్గర ట్రాఫిక్ పోలీసులు ఫొటో తీసి బండి నంబర్ మీద చలాన్ వేస్తారు. వెనక ఉన్నవారికి హెల్మెట్ లేదని కూడా విడిగా వేస్తారు.

చలాన్ సంగతి పక్కన పెడదాం. వెనక కూర్చున్నవారికి ముందు ఏం వస్తోందో కనిపించదు. గుంత ఎప్పుడు వస్తుందో, బ్రేక్ ఎప్పుడు పడుతుందో తెలియదు. పట్టుకోవడానికి హ్యాండిల్ ఉండదు. దెబ్బకు సిద్ధపడే ఆ అర సెకను నడిపేవారికి దొరుకుతుంది, వెనకవారికి దొరకదు. అయినా మన ఇళ్ళలో మంచి హెల్మెట్ నడిపేవారి తల మీద ఉంటుంది, పాతబడిపోయిన "ఎక్స్‌ట్రా హెల్మెట్" వెనకవారికి వస్తుంది. ముందు మారాల్సింది ఈ అలవాటు. బండి వెనక రోజూ కూర్చునే మనిషికి ఆ మనిషి తల కొలతకు సరిపోయే సొంత హెల్మెట్ ఉండాలి. కింద రాసినదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఏమేం కావాలి

తప్పనిసరిగా:
- ఐఎస్ఐ ముద్ర ఉన్న, మీ కొలతకు సరిపోయే హెల్మెట్
- మడమ కప్పే, కాలికి గట్టిగా పట్టి ఉండే బూట్లు
- బండికి శారీ గార్డ్ (గుడ్డ వెనక చక్రంలో పడకుండా పక్కన బిగించే అడ్డు), రెండు ఫుట్‌రెస్టులు, పట్టుకోవడానికి వెనక కడ్డీ

వీలైతే:
- గ్లవ్స్
- భుజాలకు, మోచేతులకు ప్యాడ్లు ఉన్న జాకెట్
- హెల్మెట్ లోపల పెట్టుకునే పలచటి కాటన్ క్యాప్, రెండు

కొలవడానికి దర్జీ టేపు ఒకటి. టేపు లేకపోతే దారం, స్కేలు చాలు.

1. తల కొలవండి

కనుబొమలకు ఒక అంగుళం పైన, చెవుల మీదుగా, తల వెనక ఎక్కువ ఉబ్బుగా ఉన్న చోటు మీదుగా టేపు చుట్టండి. రెండు మూడు సార్లు కొలిచి, అందులో పెద్ద అంకె రాసుకోండి. మన మార్కెట్లో మామూలుగా 56 సెంటీమీటర్లంటే ఎస్, 58 అంటే ఎం, 60 అంటే ఎల్, 62 అంటే ఎక్స్ఎల్. కంపెనీని బట్టి కొంచెం తేడా ఉంటుంది. ఒక కంపెనీలో ఎం సరిపోయింది కదా అని ఇంకో కంపెనీలో పెట్టి చూడకుండా ఎం కొనేయకండి.

జడ వేసుకునేవారు జడతోనే కొలవండి. హిజాబ్ లేదా స్కార్ఫ్ మీద హెల్మెట్ పెట్టుకునేవారు రోజూ కట్టుకునే గుడ్డ కట్టుకునే కొలవాలి, షాపులో కూడా దానితోనే పెట్టి చూడాలి. అది లేకుండా సరిపోయిన హెల్మెట్ ఇంటికి వచ్చాక దిగదు. లేదా బలవంతంగా దిగి అరగంటకే తలనొప్పి తెస్తుంది.

2. హెల్మెట్ కొనండి

గడ్డం దాకా ముఖమంతా కప్పే ఫుల్ ఫేస్ హెల్మెట్ కొనండి. ఇది నా గట్టి సలహా. సడన్ బ్రేక్ పడితే వెనకవారి ముఖం నేరుగా వెళ్ళి ముందువారి హెల్మెట్‌కే తగులుతుంది. కింద పడినా గడ్డం, దవడ నేలకు రాసుకుంటాయి. గడ్డం కప్పని హెల్మెట్ అక్కడ ఏమీ చేయలేదు. పెద్దవాళ్ళకు ఊపిరాడనట్టు అనిపిస్తే, ముందు భాగం పైకి లేచే ఫ్లిప్ అప్ రకం చూడండి. ఆగినప్పుడు పైకి లేపుకోవచ్చు, బండి కదిలేటప్పుడు మాత్రం దించి లాక్ చేయాలి. అదీ కుదరకపోతే చెవులు పూర్తిగా కప్పే, ఐఎస్ఐ ముద్ర ఉన్న ఓపెన్ ఫేస్. నడినెత్తి మీద టోపీలా కూర్చునే రకం వద్దు. సైట్లలో పనివాళ్ళు పెట్టుకునే పసుపు టోపీ, క్రికెట్ హెల్మెట్ బండికి పనికిరావు. పై నుంచి రాయి పడితే ఒకటి, బంతి తగిలితే ఇంకొకటి ఆపుతాయి, రోడ్డు దెబ్బకు వాటిని తయారు చేయలేదు.

ముద్ర ఇలా చూడండి. ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అని మొదలై ఒక నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ను ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో లైసెన్స్ వివరాలు సరిచూసే చోట కొట్టండి. తయారీదారు పేరు, లైసెన్స్ చెల్లుతోందా లేదా అనేది వస్తుంది. వచ్చిన పేరు, హెల్మెట్ మీద ఉన్న పేరు ఒకటేనా చూడండి. షాపులో నిలబడే రెండు నిమిషాల్లో అయిపోయే పని ఇది, మొహమాటపడకండి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ ముద్ర లేని బండి హెల్మెట్ అమ్మడమే నేరం. అయినా ఫుట్‌పాత్‌ల మీద గుట్టగా పోసి అమ్మేవాటిలో ముద్ర లేనివి, ఉత్త స్టిక్కర్ అంటించినవి కనిపిస్తూనే ఉంటాయి.

చేతితో చేసే పరీక్ష ఇంకొకటి ఉంది. లోపలి గుడ్డ కొంచెం పక్కకు లాగి చూడండి. దాని వెనక గట్టి థర్మాకోల్ పొర కనిపించాలి. దెబ్బను తనలో తీసుకునేది అదే. దాని బదులు మెత్తటి స్పాంజి మాత్రమే ఉంటే, పైన పెంకు ఎంత మెరిసినా ఆ హెల్మెట్ తీసుకోకండి.

ఎక్కడ కొనాలి? రాణీగంజ్, పుత్లీబౌలీ వైపు స్పేర్ పార్టుల షాపులు వరసగా ఉంటాయి, బేరమూ ఆడవచ్చు. కంపెనీ షోరూములు కూడా ఊళ్ళో చాలాచోట్ల ఉన్నాయి. వెయ్యి నుంచి రెండు వేల రూపాయల లోపు మంచి ఫుల్ ఫేస్ దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో కొంటే సైజు మార్చుకునే వీలు ఉందో లేదో ముందే చూసుకోండి. పెట్టుకునే మనిషిని తీసుకెళ్ళకుండా, "మా ఆవిడకి ఒకటి ఇవ్వండి" అని కొనుక్కు రావడం అన్నిటికంటే పెద్ద పొరపాటు.

వైజర్ (హెల్మెట్ ముందుండే అద్దం) రంగు లేనిదే తీసుకోండి. నల్ల వైజర్ రాత్రి పూట వెనకవారికి కూడా ప్రమాదమే. దిగేటప్పుడు కాలు ఎక్కడ పెడుతున్నారో కనిపించదు.

3. షాపులోనే సరిచూడండి

పెట్టుకుని, పట్టీ బిగించి, ఈ నాలుగూ చేయండి.

మొదటిది, రెండు చేతులతో హెల్మెట్ పట్టుకుని పక్కలకు తిప్పండి. హెల్మెట్‌తో పాటు మీ బుగ్గల చర్మం కూడా కదలాలి. తల కదలకుండా హెల్మెట్ ఒక్కటే తిరిగితే పెద్ద సైజు.

రెండోది, అసలైనది. తల కొంచెం వంచి, వెనక అంచు కింద వేళ్ళు పెట్టి హెల్మెట్‌ను ముందుకు ఎత్తమని పక్కవారిని అడగండి. పట్టీ బిగించి ఉన్నా అది కళ్ళ మీదుగా ఊడి వచ్చేస్తే రోడ్డు మీద కూడా అలాగే ఊడిపోతుంది. ఎంత నచ్చినా పక్కన పెట్టండి.

మూడోది, పట్టీకి, గడ్డానికి మధ్య రెండు వేళ్ళు మాత్రమే పట్టాలి. నోరు పెద్దగా తెరిస్తే హెల్మెట్ నడినెత్తి మీద కిందికి లాగుతున్నట్టు తెలియాలి.

నాలుగోది, పది నిమిషాలు తీయకుండా అక్కడే నిలబడండి. ఒత్తిడి తల అంతటా సమానంగా ఉంటే మంచిదే. కొత్త హెల్మెట్ బుగ్గల దగ్గర కొంచెం బిగుతుగా ఉంటుంది, వాడగా వాడగా మెత్తబడుతుంది. నుదుటి మీద ఒకేచోట పొడుస్తున్నట్టు ఉంటే మాత్రం ఆ ఆకారం మీ తలకు కుదరదు. సైజు పెంచకండి, వేరే మోడల్ చూడండి.

కళ్ళజోడు పెట్టుకునేవారు ముందు హెల్మెట్ పెట్టుకుని ఆ తర్వాత అద్దాలు దూర్చండి. కాళ్ళు సన్నగా, నిటారుగా ఉన్న ఫ్రేము సులువుగా వెళుతుంది.

4. జుట్టు, పూలు, నగలు

కొప్పు మీద హెల్మెట్ సరిగ్గా కూర్చోదు. వెనక లేచి, ముందు కళ్ళ మీదికి వస్తుంది. మెడ దగ్గర కిందికి వదులుగా ఒక జడ వేసుకోండి. జడ పొడుగ్గా ఉంటే జాకెట్ లోపలికి వేసుకోవాలి. ఇనుప క్లిప్పులు, పెద్ద పిన్నులు తీసేయండి, దెబ్బ తగిలితే అవి తలలోకి దిగుతాయి. హిజాబ్ కట్టుకునేవారు కూడా పిన్నుల బదులు పలచటి కాటన్ గుడ్డను ఒకే పొరగా, ముడి లేకుండా సర్దుకోవాలి.

పెళ్ళిళ్ళ సీజన్‌లో ఫంక్షన్ హాల్‌కి వెళ్ళేవాళ్ళు అడుగుతారు, "పూలు నలిగిపోతాయి కదా" అని. పూలు, జుంకాలు ఒక డబ్బాలో పెట్టుకుని వెళ్ళండి. హాల్ దగ్గర దిగాక ఐదు నిమిషాల్లో పెట్టుకోవచ్చు. ఆ ఐదు నిమిషాల కోసం హెల్మెట్ మానేసి, రాత్రి పదకొండు గంటలకు ఖాళీ రోడ్డు మీద స్పీడుగా తిరిగి రావడం ఎంతమాత్రం మంచిది కాదు.

5. చీర, చున్నీ, బుర్ఖా: ఇక్కడ బాగా జాగ్రత్త

హెల్మెట్ గురించి పది మంది చెబుతారు. చున్నీ గురించి చెప్పేవాళ్ళు తక్కువ. చక్రం తిరిగే వేగానికి గుడ్డ కొస ఒకసారి చువ్వల్లోనో చైన్‌లోనో పడితే, మీరు అరిచేలోపే అది చుట్టుకుని మెడ దగ్గర బిగుసుకుంటుంది. నడిపేవారికి తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది. ఫ్లైఓవర్ ఎక్కినప్పుడు గాలికి మెడలో వదులుగా ఉన్న చున్నీ వెనక్కి ఎగిరి చక్రం వైపు వేలాడుతుంది.

చున్నీ: అన్నిటికంటే మంచి పని, తీసి బ్యాగులో పెట్టుకోవడం. వేసుకోవాలంటే రెండు కొసలూ జాకెట్ లోపలికి వెళ్ళి జిప్ పడాలి. జాకెట్ లేకపోతే భుజం మీదుగా అడ్డంగా తెచ్చి నడుము పక్కన ముడి వేసి, మిగిలిన కొస బెల్టులోనో ప్యాంటులోనో దోపండి. మెడ చుట్టూ మాత్రం ఎప్పుడూ చుట్టుకోవద్దు. ఎండకు ముఖానికి స్కార్ఫ్ కట్టుకునే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఫుల్ ఫేస్ హెల్మెట్ ఉంటే దాని అవసరం చాలా తగ్గుతుంది. కట్టుకున్నా, ముడి చక్రం వైపు వేలాడకుండా లోపలికి దోపండి.

చీర: కొంగు ముందుకు తెచ్చి కుడి నడుము దగ్గర గట్టిగా దోపండి. కుచ్చిళ్ళు చేత్తో పోగు చేసి మోకాళ్ళ మధ్య పట్టుకోండి. చీర కింద లెగ్గింగ్స్ వేసుకుంటే రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోవడం సాధ్యమే, రోజూ ఆఫీసుకు అలా వెళ్ళేవాళ్ళు ఉన్నారు.

బుర్ఖా, అబాయా: వెనక అంచును పోగు చేసి తొడల కింద పెట్టుకుని దాని మీదే కూర్చోండి. ఎక్కువ బళ్ళకు చైన్ ఎడమ వైపు ఉంటుంది కాబట్టి ఆ వైపు అంచు ఫుట్‌రెస్ట్ కంటే కిందికి జారకూడదు.

సరిచూడటం ఎలా? ఎక్కి కూర్చున్నాక, బండి స్టార్ట్ చేయక ముందు, మీ నడుము కింద రెండు వైపులా చెయ్యి ఆడించండి. చేతికి తగిలి ఊగే గుడ్డ ఏదైనా ఉంటే దిగి సర్దుకోండి. గేటు దగ్గర నిలబడ్డ ఇంట్లోవాళ్ళు వెనక నుంచి ఒకసారి చూస్తే ఇంకా మంచిది.

స్కూటర్‌కు చక్రం కప్పి ఉంటుంది కదా అని నిర్లక్ష్యం వద్దు. వెనక చక్రం కింది భాగం తెరిచే ఉంటుంది, పొడవాటి గుడ్డ అక్కడ దూరుతుంది.

6. జాకెట్, గ్లవ్స్, బూట్లు

మూడింటిలో ముందు బూట్లు, తర్వాత గ్లవ్స్, ఆ తర్వాత జాకెట్. డబ్బు కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టేవాళ్ళు ఈ వరసలో కొనండి.

వెనక కూర్చున్నవారి పాదం సైలెన్సర్ పక్కనే, చక్రం పక్కనే ఉంటుంది. చెప్పుల్లో వెళితే పిక్కకు, చీలమండకు కాలడం, మడమ చువ్వల్లో ఇరుక్కోవడం రెండూ జరుగుతాయి. కాన్వాస్ బూట్లయినా పరవాలేదు, మడమ కప్పి ఉండాలి. లేసులు లోపలికి దోపండి. ఎత్తు మడమల చెప్పులు బ్యాగులో వేసుకెళ్ళి అక్కడ మార్చుకోండి.

పడినప్పుడు ఎవరైనా ముందు చేతులు ఆనిస్తారు. అరచేతి మీద తోలు పొర ఉన్న గ్లవ్స్ అక్కడ చర్మాన్ని కాపాడతాయి. ఎండ కోసం వేసుకునే పలచటి కాటన్ గ్లవ్స్ రోడ్డు రాపిడికి నిలవవు.

జాకెట్ అంటే ఏప్రిల్, మే ఎండల్లో ఎవరు వేసుకుంటారని అడుగుతారు. గాలి ఆడే జాలీ గుడ్డ జాకెట్లు దొరుకుతాయి, కదిలే బండి మీద వాటితో ఇబ్బంది తక్కువ. లోపల భుజం, మోచేయి ప్యాడ్ల మీద ఈఎన్ 1621-1 అని, వీపు ప్యాడ్ మీద ఈఎన్ 1621-2 అని ఉందేమో చూడండి, ఇవి ప్యాడ్లకు యూరప్ ప్రమాణాల నంబర్లు. అవి లేనివి ఉత్త స్పాంజి ముక్కలు కావచ్చు. ఇంటి నుంచి కిరాణా షాపు దాకా జాకెట్ వేసుకోమని నేను అనను. ఉప్పల్ నుంచి యాదగిరిగుట్ట, మెహదీపట్నం నుంచి చేవెళ్ళ, శ్రీశైలం హైవే లాంటి దూరాలకు వెనకవారికి కూడా తప్పకుండా ఉండాలి. జీన్స్ ప్యాంటు మామూలు ప్యాంటు కంటే మేలే కానీ తారు రోడ్డు మీద జారితే అది చిరగడానికి ఎక్కువసేపు పట్టదు. దాన్నే రక్షణ అనుకోకండి.

7. బండి కూడా సిద్ధంగా ఉండాలి

వెనక కూర్చునేవారు పట్టుకోవడానికి కడ్డీ లేదా పట్టీ, కాళ్ళకు ఫుట్‌రెస్టులు, వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. స్టైల్ కోసం శారీ గార్డ్ పీకేసిన బండి అయితే మెకానిక్ దగ్గర మళ్ళీ పెట్టించండి. ఖర్చు పెద్దగా కాదు.

ఇద్దరు కూర్చుంటే వెనక టైరులో గాలి ఎక్కువ ఉండాలి. ఎంత అనేది చైన్ కవర్ మీదో, సీటు కిందో, బండితో వచ్చిన పుస్తకంలోనో రాసి ఉంటుంది. ఒక్కరికి వేరు, ఇద్దరికి వేరు అంకెలు ఉంటాయి. పెట్రోల్ బంకులో అబ్బాయిని "ఇద్దరం" అని చెప్పి పట్టించుకోండి.

8. ఎక్కడం, కూర్చోవడం, దిగడం

నడిపేవారు రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, బ్రేక్ పట్టుకుని "ఎక్కు" అన్న తర్వాతే ఎక్కండి. ఎడమ వైపు నుంచే. కుడి వైపు సైలెన్సర్ ఉంటుంది, ట్రాఫిక్ కూడా అటే.

రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోవడమే మంచిది. బరువు మధ్యలో ఉంటుంది, రెండు కాళ్ళకూ ఆధారం ఉంటుంది. ఒక చెయ్యి ముందువారి నడుము మీద, ఒక చెయ్యి వెనక కడ్డీ మీద ఉంచితే బ్రేక్ పడినా, బండి ఒక్కసారిగా ముందుకు దూకినా తట్టుకోగలరు. భుజాలు పట్టుకుంటే నడిపేవారి హ్యాండిల్ కదులుతుంది, అది మానేయండి.

ఒక పక్కకే కూర్చోక తప్పని పెద్దవాళ్ళు ఉంటారు. మోకాళ్ళ నొప్పులతో కాలు ఎత్తి వేయలేరు. అప్పుడు పాదాలు రెండూ శారీ గార్డ్ దగ్గరి మెట్టు మీద ఆనాలి, గాలిలో వేలాడకూడదు. కుడి చెయ్యి ముందువారి నడుము చుట్టూ, ఎడమ చెయ్యి వెనక కడ్డీ మీద. ఒళ్ళో సంచి వద్దు. ఎర్రగడ్డ రైతు బజార్ నుంచి కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీదే ఉంచి కూర్చోవడం చాలామంది చేసే పని. సంచిని ముందు హుక్కుకు తగిలించండి, లేదా వెనక బాక్సులో పెట్టండి. నడిపేవారికి చెప్పాల్సింది ఒకటే: అలా కూర్చున్న మనిషి ఉన్నప్పుడు మలుపులు మెల్లగా తిరగండి, స్పీడ్ బ్రేకర్ దగ్గర పూర్తిగా తగ్గించండి.

వీపు మీద బరువైన ల్యాప్‌టాప్ బ్యాగు ఉంటే బండి కదిలినప్పుడల్లా వెనక్కి లాగుతుంది. జూబ్లీహిల్స్ ఎత్తుల్లో అది బాగా తెలుస్తుంది. పట్టీలు బిగించి, బ్యాగు అడుగు సీటుకు ఆనేలా చూసుకోండి.

9. పిల్లలు

నాలుగేళ్ళు దాటిన పిల్లలకు పెద్దవాళ్ళలాగే హెల్మెట్ తప్పనిసరి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు వారికి 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన నిబంధన ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మూడు విషయాలు కావాలి: పిల్లను నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు, పిల్ల తలకు సరిపోయే హెల్మెట్ (సైకిల్ హెల్మెట్ అయినా పరవాలేదు), గంటకు 40 కిలోమీటర్లు దాటని వేగం. బెల్టు కొనేటప్పుడు 30 కిలోల వరకు బరువు ఆపగలదని రాసి ఉందో లేదో చూడండి. తొమ్మిది నెలల లోపు పసిపిల్లలను బండి మీద తీసుకెళ్ళకండి. ఆటో పిలవండి.

పెద్దవాళ్ళ హెల్మెట్ లోపల గుడ్డ కుక్కి పిల్లకు పెట్టడం ప్రమాదం. చిన్న మెడ ఆ బరువు మోయలేదు, పడినప్పుడు అది తిరిగిపోతుంది కూడా. పిల్లల సైజు విడిగా దొరుకుతుంది, మూడో అంచెలో చెప్పిన పరీక్షలే దానికీ చేయండి. తల పెరుగుతుంది కాబట్టి ఏటా స్కూళ్ళు తెరిచేటప్పుడు మళ్ళీ కొలవండి. "రెండేళ్ళు వస్తుంది" అని పెద్దది కొనకండి.

స్కూటర్ ముందు నిలబెట్టి తీసుకెళ్ళడం ఈ ఊళ్ళో రోజూ కనిపిస్తుంది. బ్రేక్ పడితే పిల్ల ముఖం నేరుగా హ్యాండిల్‌కు తగులుతుంది, వెనక పెద్దవాళ్ళ బరువంతా ఆ పిల్ల మీదే పడుతుంది. దయచేసి మానేయండి. అమ్మ, నాన్న, పిల్ల ముగ్గురూ ఒకే బండి మీద వెళ్ళడానికి కూడా చట్టం ఒప్పుకోదు. నడిపేవారు కాక ఇంకొక్కరే. నిమజ్జనం చూడటానికి ట్యాంక్‌బండ్ వైపు ఇంటిల్లిపాదీ వెళ్ళాలంటే మెట్రో ఉంది, బస్సు ఉంది.

10. బైక్ టాక్సీ ఎక్కేటప్పుడు

రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసు దాకా, అమీర్‌పేట నుంచి హాస్టల్ దాకా రోజూ బైక్ టాక్సీ మీద వెళ్ళేవాళ్ళు ఇది చదవండి. వాళ్ళు ఇచ్చే హెల్మెట్ అసలు లేకపోవడం కంటే మేలు, అంతవరకే. అది అందరి తలకూ వదులుగా ఉండేలా కొన్నది. పట్టీ బకిల్ చాలాసార్లు విరిగి ఉంటుంది. రోజూ వెళ్ళేవాళ్ళయితే మీ హెల్మెట్ మీరు తీసుకెళ్ళండి. మోయడం కష్టమే, కానీ ఆఫీసు డెస్క్ కింద దానికి చోటు ఉంటుంది.

వాళ్ళదే పెట్టుకోవాల్సి వస్తే: లోపల కాటన్ క్యాప్ వేసుకోండి, పట్టీ మీ గడ్డానికి బిగించండి, బకిల్ టక్కుమని పడిందో లేదో లాగి చూడండి. పడకపోతే ఆ రైడ్ క్యాన్సిల్ చేయండి. "దగ్గరే కదా మేడం" అంటే ఎక్కకండి. బండి స్పీడు ఎక్కువైతే నడుము మీద తట్టి "అన్నా, కొంచెం మెల్లగా" అనే హక్కు మీకు ఉంది.

బయలుదేరే ముందు అర నిమిషం

పట్టీలో రెండు వేళ్ళు. నడుము కింద వేలాడే గుడ్డ లేదు. పాదాలు రెండూ ఫుట్‌రెస్టుల మీద. ఫోన్ జేబులో. "ఓకే" అని నోటితో చెప్పండి, ఆ మాట వినే దాకా నడిపేవారు గేరు వేయకూడదు. దీన్ని ఇద్దరికీ అలవాటుగా మార్చుకోండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పట్టీ పెట్టుకోకపోవడం అన్నిటికంటే ముందుంది. పోలీసు కనిపించే చౌరస్తా కోసం తల మీద ఊరికే పెట్టుకున్న హెల్మెట్, తల నేలకు తగిలేలోపే ఎగిరి అవతల పడుతుంది. హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకోవడం, ఒళ్ళో పెట్టుకోవడం కూడా ఇలాంటివే.

"కాలనీలోనే కదా" అనేది రెండోది. గల్లీ మలుపులో కుక్క అడ్డం వచ్చినా, ఇసుక మీద చక్రం జారినా తల తగిలే నేల అక్కడా గట్టిదే.

ముందువారి హెల్మెట్‌కు మీ హెల్మెట్ మాటిమాటికీ తగులుతుంటే మీరు మరీ దగ్గరగా కూర్చున్నారని, లేదా వెనక కడ్డీ పట్టుకోలేదని అర్థం. నాలుగు వేళ్ళ ఎడం ఇచ్చి కూర్చోండి.

వర్షానికి హెల్మెట్ మీద ప్లాస్టిక్ కవర్ తొడగడం, వెనక కూర్చుని గొడుగు పట్టడం. మొదటిది చూపును, రెండోది బండి అదుపును తీసేస్తాయి. రెయిన్ కోటు వేసుకోండి. ప్యాంటు, చొక్కా రెండు ముక్కలుగా ఉన్న రకం మంచిది, ఒకే పొడవాటి కోటు అంచు చక్రం వైపు వేలాడుతుంది. వాన మరీ ఎక్కువైతే షాపు షెడ్డు కింద ఆగండి. ఫ్లైఓవర్ కింద రోడ్డు మీదే ఆగడం వెనక వచ్చే బండికి ప్రమాదం.

కడగడం, దాచడం, మార్చడం

లోపలి గుడ్డ ఊడివచ్చే రకమైతే ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి షాంపూ నీళ్ళతో ఉతికి నీడలో ఆరబెట్టండి. పెంకును తడిగుడ్డతో తుడవండి. పెట్రోల్, థిన్నర్ తగలనివ్వకండి, అవి పెంకునూ థర్మాకోల్‌నూ తినేస్తాయి. పెయింట్ కూడా వద్దు. ఎండలో నిలబెట్టిన బండి అద్దానికి తగిలించి వదిలేయకండి.

ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి థర్మాకోల్ నలిగిపోయి ఉంటుంది. రెండో దెబ్బకు అది పనిచేయదు, మార్చేయండి. దెబ్బ తగలకపోయినా మూడు నుంచి ఐదేళ్ళలో మార్చడం మంచిది. చెమటకు, ఎండకు లోపలి పొరలు, పట్టీ బలహీనపడతాయి.

ఎవరైనా పడితే

108కి ఫోన్ చేయండి. స్పృహ లేని మనిషి తల నుంచి హెల్మెట్ లాగకండి. మెడకు దెబ్బ తగిలి ఉంటే ఆ లాగడమే ప్రాణం మీదికి తెస్తుంది. వైజర్ పైకి లేపి ఊపిరి ఆడుతోందా చూడండి. తల, మెడ కదలకుండా రెండు చేతులతో పట్టుకుని ఉండండి. ఊపిరి ఆడకపోతే, వేరే దారి లేకపోతేనే ఇద్దరు కలిసి తీయాలి. ఒకరు మెడ, తల కింద గట్టిగా పట్టుకుంటే, ఇంకొకరు పట్టీ కోసి, పక్కలు విడదీసి మెల్లగా తీయాలి. మీరు దారిన పోయేవారైతే కేసులో ఇరుక్కుంటామని భయపడకండి. సాయం చేసినవారిని మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ కాపాడుతుంది, పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు.

మార్చేసిన పాత హెల్మెట్‌ను పనమ్మాయికో, వాచ్‌మన్ కొడుక్కో ఇవ్వకండి, సామాన్ల వాడికి అలాగే అమ్మకండి. కత్తెరతో రెండు పట్టీలూ కోసి, పెంకు మీద మార్కర్‌తో పెద్ద గీత గీసి, అప్పుడు చెత్తలో వేయండి.